తెలిసిన మంచి ఆచరణలోకి ఎందుకు రాదు? ఆరోగ్య ప్రవర్తన సిద్ధాంతాలు చెప్పేదేమిటి

సంక్షిప్తంగా

పొగ తాగడం హానికరమని, మాత్రలు వేళకు వేసుకోవాలని, రోజూ కాస్త నడవాలని తెలియనివారు ఇప్పుడు అరుదు. ఆచరించేవారు మాత్రం తక్కువ. ఈ ఎడం ఎక్కడ పుడుతుందో వివరించడానికి ఏడు దశాబ్దాలుగా సిద్ధాంతాలు వస్తూనే ఉన్నాయి. ఒకటి నమ్మకాన్ని పట్టుకుంటే ఇంకొకటి ఉద్దేశాన్ని, వేరొకటి తనపై తనకున్న భరోసాను, మరొకటి చుట్టూ ఉన్న పరిస్థితులను పట్టుకుంటుంది. అడ్డంకి ఒకచోట ఉండగా ప్రయత్నమంతా ఇంకోచోట పెట్టడమే చాలా ప్రచారాలు చతికిలబడటానికి కారణం. అవగాహన పెంచడమే సర్వరోగ నివారిణి అన్న భావన ఇందులో ముందు వరుసలో ఉంటుంది.

వీధిలోకే ఎక్స్‌రే వచ్చినా

1950ల మొదట్లో అమెరికా ప్రజారోగ్య సేవా విభాగం క్షయను ముందుగా పసిగట్టడానికి ఎక్స్‌రే యంత్రాలున్న వాహనాలను జనావాసాల మధ్యకే పంపేది. పరీక్ష ఉచితం. దూరాభారం లేదు, నొప్పి అంతకన్నా లేదు. అయినా అనుకున్నంత మంది రాలేదు. ఆ విభాగంలో పనిచేస్తున్న సామాజిక మనస్తత్వవేత్తలు గాడ్‌ఫ్రీ హోచ్‌బామ్, ఇర్విన్ రోజెన్‌స్టాక్, హోవర్డ్ లెవెంథాల్, స్టీఫెన్ కెగెల్స్ దీన్ని జనం నిర్లక్ష్యంగా కొట్టిపారేయలేదు. వచ్చినవారి మనసులో ఏముంది, రానివారి మనసులో ఏం లేదు అని వెతికారు.

హోచ్‌బామ్ మూడు నగరాల్లో 1200 మందికి పైగా పెద్దలను ప్రశ్నించారు. ఆయన చూసింది ముఖ్యంగా రెండు నమ్మకాలను. తనకూ క్షయ రావచ్చని ఆ వ్యక్తి అనుకుంటున్నాడా? లక్షణాలేవీ లేనప్పుడే పరీక్ష చేయించుకుంటే మేలు జరుగుతుందని నమ్ముతున్నాడా? రెండూ ఉన్నవారిలో 82 శాతం మంది అంతకుముందే కనీసం ఒకసారి తమంతట తాము ఎక్స్‌రే తీయించుకున్నారు. రెండూ లేనివారిలో 21 శాతమే. క్షయ గురించి విన్నారా లేదా అన్నదానికంటే, అది తనదాకా వస్తుందని అనుకున్నారా లేదా అన్నదే తేడాను పట్టిచ్చింది.

ఆరోగ్య విశ్వాస నమూనా, అంటే హెల్త్ బిలీఫ్ మోడల్, ఇక్కడి నుంచే పుట్టింది. జబ్బు తనకు వచ్చే అవకాశం ఎంత, వస్తే ఎంత తీవ్రం, చెప్పిన పని చేస్తే లాభమేమిటి, చేయడంలో ఇబ్బందులేమిటి అనే నాలుగు అంచనాలను మనిషి లోలోపల బేరీజు వేసుకుంటాడని ఈ నమూనా చెబుతుంది. వీటికి తోడు అడుగు ముందుకు వేయించే ఒక ప్రేరణ కావాలి. అది వైద్యుడి మాట కావచ్చు, దగ్గరి బంధువుకు వచ్చిన జబ్బు కావచ్చు.

మొదటి అంచనా దగ్గరే చాలా సందేశాలు ఆగిపోతాయి. సగటు మనిషికి ఉన్న ముప్పు తనకు లేదని ఎవరికి వారే అనుకోవడం మనుషుల్లో బలంగా ఉంది. 1980లో నీల్ వైన్‌స్టీన్ దీన్ని పరిశోధనల్లో చూపి, అవాస్తవిక ఆశావాదం అన్నారు. పొగ తాగే వ్యక్తి ప్యాకెట్ మీది హెచ్చరికను కాదనడు. అది నిజమేనంటాడు. కాకపోతే అందులో తాను ఉన్నానని అనుకోడు. అలాంటివారి ముందు మొత్తం జనాభా గణాంకాలు ఎన్ని పెట్టినా లాభం లేదు. వారి వయసు, వారు తాగే సిగరెట్ల సంఖ్య, వారి ఊపిరితిత్తుల పరీక్ష ఫలితం ముందుంచి మాట్లాడితే ఆ మాట తమకేనని వారికి తెలుస్తుంది.

ఈ నమూనాకు ఒక పరిమితి పుట్టుకలోనే ఉంది. ఎక్స్‌రే ఒక్కసారి చేసే పని. అరగంటలో అయిపోతుంది. పొగ మానడం, బరువు తగ్గడం అలా అయిపోయేవి కావు. రోజూ, ఏళ్ల తరబడి నడిచే పోరాటాలవి. అందుకే 1988లో రోజెన్‌స్టాక్, ఆయన సహచరులు ఈ నమూనాలో ఇంకో అంశం చేర్చారు: ఇది తన వల్ల అవుతుందన్న నమ్మకం. ఆ అంశం మూలం వేరే సిద్ధాంతంలో ఉంది, దాని ప్రస్తావన తర్వాత వస్తుంది.

భయపెడితే చాలదని తేల్చిన ఒక పటం

క్షయ ఎక్స్‌రేల సంగతి వెతికిన ఆ నలుగురు మనస్తత్వవేత్తల్లో ఒకరైన లెవెంథాల్ తర్వాత యేల్ విశ్వవిద్యాలయంలో చేసిన ఒక ప్రయోగం ఈ రంగంలో ఇప్పటికీ గుర్తుచేసుకోదగ్గది. రాబర్ట్ సింగర్, సూజన్ జోన్స్‌తో కలిసి 1965లో దాన్ని ప్రచురించారు. ధనుర్వాతం టీకా వేయించుకునేలా విద్యార్థులను ఒప్పించడం దాని ఉద్దేశం. కొందరికి రోగి దుస్థితిని కళ్లకు కట్టే తీవ్రమైన వర్ణనలతో చిన్న పుస్తకాలిచ్చారు. మరికొందరికి అదే సమాచారాన్ని మెత్తగా చెప్పారు. తీవ్రమైన పుస్తకం చదివినవారు ఎక్కువ భయపడ్డారు, టీకా అవసరమని గట్టిగా చెప్పారు. టీకాకు వెళ్లే దగ్గరకొచ్చేసరికి ఎక్కువ భయపడ్డవారికి, తక్కువ భయపడ్డవారికి చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

తేడా తెచ్చింది ఒక కాగితం. కొందరికి పుస్తకంతో పాటు ఆరోగ్య కేంద్రాన్ని గుర్తించిన క్యాంపస్ పటం ఇచ్చారు. తమ వారపు తరగతుల పట్టిక చూసుకుని ఏ రోజు, ఏ దారిలో అటు వెళ్లగలరో ఆలోచించుకోమన్నారు. ఆ వర్గంలో సుమారు 28 శాతం మంది టీకా వేయించుకున్నారు. పటం అందనివారిలో 3 శాతం. ప్రయోగం చిన్నది, ఒక్కో వర్గంలో ఉన్నది ముప్ఫై మంది లోపే. అందువల్ల ఆ శాతాలను ఎక్కడపడితే అక్కడ వర్తింపజేయడం సరికాదు. కానీ అది వేసిన ప్రశ్న పెద్దది. అదే క్యాంపస్‌లో చదువుకునేవారికి ఆరోగ్య కేంద్రం కొత్త చోటేమీ కాదు. మరి పటం ఏం చేసింది? ఎప్పుడో ఒకప్పుడు అన్న ఆలోచనను ఫలానా రోజు, ఫలానా తరగతి అయ్యాక అన్న నిర్ణయంగా మార్చింది.

భయం అసలే పనికిరాదని దీని అర్థం కాదు. 1992లో కిమ్ విట్టే ప్రతిపాదించిన నమూనా ఇందులో ఉన్న మెలికను విప్పి చెబుతుంది. ముప్పు పెద్దదని, దాన్ని తప్పించే దారి తన చేతిలో ఉందని రెండూ అనిపిస్తే మనిషి ముప్పును ఎదుర్కొనే పని చేస్తాడు. ముప్పు పెద్దది, దారి మాత్రం లేదు అనిపిస్తే తన భయాన్ని అణచుకునే పని చేస్తాడు. అంటే ఆ ప్రకటన రాగానే ఛానల్ మారుస్తాడు, ఇదంతా అతిశయోక్తి అంటాడు, లేదా ఎలాగూ పోయేవాళ్లమే కదా అని సర్దిచెప్పుకుంటాడు. పుండుపడిన నోటి బొమ్మ చూపి, మానడానికి సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పకుండా వదిలేసే ప్రకటన ఈ రెండో దారికే నెట్టవచ్చు.

ఉద్దేశానికీ పనికీ నడుమ

మార్టిన్ ఫిష్‌బైన్, ఐసెక్ ఐజెన్ 1970ల్లో సహేతుక చర్య సిద్ధాంతాన్ని రూపొందించారు. దాన్ని ఐజెన్ ఆ తర్వాత విస్తరించి ప్రణాళికాబద్ధ ప్రవర్తన సిద్ధాంతంగా మార్చారు. దీని లెక్క ప్రకారం పనికి అతి దగ్గరలో ఉండేది ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని మూడు తయారుచేస్తాయి: ఆ పని పట్ల తన అభిప్రాయం, తనకు ముఖ్యమైనవాళ్లు ఏమనుకుంటారన్న అంచనా, అది తన అదుపులో ఉందా లేదా అన్న భావన.

రెండోది ఇందులో విలువైన చేర్పు. ఆరోగ్య విశ్వాస నమూనాలో మనిషి ఒంటరిగా కూర్చుని లాభనష్టాలు లెక్కవేసుకుంటున్నట్టు ఉంటుంది. నిజానికి స్నేహితులంతా పొగ తాగే చోట ఒక్కడు మానేయడమంటే సిగరెట్‌ను వదలడమే కాదు, ఆ గుంపులో తన స్థానాన్ని కొంత వదులుకోవడం కూడా. యువత విషయంలో ముప్పు గురించిన ఉపన్యాసంకన్నా, తోటివారిలో అత్యధికులు తాగరన్న నిజం ఎక్కువగా తాకే అవకాశం ఉంది.

ఉద్దేశం కుదిరితే పని జరిగిపోతుందా? థామస్ వెబ్, పాస్కల్ షీరన్ 2006లో 47 ప్రయోగాలను కలిపి విశ్లేషించారు. మనుషుల ఉద్దేశాల్లో ఓ మోస్తరు నుంచి పెద్ద మార్పు తెచ్చినా, పనుల్లో వచ్చినది చిన్న నుంచి మోస్తరు మార్పేనని తేలింది. మనసు మార్చడం కష్టం, అది మారాక కూడా సగం దారే అయినట్టు.

మిగిలిన సగం మీద జర్మన్ మనస్తత్వవేత్త పీటర్ గోల్విట్జర్ పనిచేశారు. ‘వ్యాయామం చేస్తాను’ అని కాకుండా ‘సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బూట్లు విప్పకముందే ఇరవై నిమిషాలు నడుస్తాను’ అని ముందే ముడివేసుకోవడం ఆయన చెప్పిన పద్ధతి. సందర్భం ఎదురవగానే పని గుర్తుకొస్తుంది, అప్పటికప్పుడు తేల్చుకోవలసిన పని ఉండదు. గోల్విట్జర్, షీరన్ కలిసి 94 పరీక్షలను సమీక్షించి, ఈ పద్ధతి లక్ష్యాలు చేరడంలో మోస్తరు నుంచి పెద్ద స్థాయిలో తోడ్పడిందని చూపారు. నిత్యజీవితంలో ఫలితం ఇంతకంటే చిన్నదిగానే ఉండొచ్చు. అమెరికాలో ఉద్యోగులకు ఫ్లూ టీకా గురించి పంపిన ఉత్తరాల్లో తేదీ, సమయం రాసుకోవడానికి ఖాళీలు పెట్టినప్పుడు టీకా వేయించుకున్నవారి శాతం సుమారు 33 నుంచి 37కి పెరిగింది. ఈ అధ్యయనం 2011లో వచ్చింది. నాలుగు శాతమే కావచ్చు. కానీ అందుకు అయిన అదనపు ఖర్చు ఉత్తరంలో ఒక గీత మాత్రమే.

నా వల్ల అవుతుందా?

మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో స్వీయ సామర్థ్య భావనను, అంటే ఇది తన వల్ల అవుతుందన్న నమ్మకాన్ని, ముందుకు తెచ్చారు. 1986లో దాన్ని సామాజిక సంజ్ఞాన సిద్ధాంతంలో భాగం చేశారు. ఒక పని చేయగలనన్న నమ్మకం లేనివాడికి దాని లాభాలు ఎన్ని చెప్పినా మొదలుపెట్టడు. మొదలుపెట్టినా తొలి ఎదురుదెబ్బకే వదిలేస్తాడు. ఈ నమ్మకం నాలుగు చోట్ల నుంచి వస్తుందని బందూరా వివరించారు: స్వయంగా సాధించిన అనుభవం, తనలాంటివారు సాధించడం చూడటం, ఇతరుల ప్రోత్సాహపు మాటలు, ఆ సమయంలో ఒంట్లోనూ మనసులోనూ ఉన్న స్థితి.

వీటిలో అన్నిటికన్నా బలమైనది మొదటిది. ప్రచారాలు ఎక్కువగా ఆధారపడేది మూడోదాని మీద. ‘మీరు చేయగలరు’ అన్న నినాదం గోడ మీద బాగుంటుంది. పదిసార్లు మానబోయి విఫలమైన వ్యక్తికి మాత్రం అతని అనుభవమే గట్టిగా మాట్లాడుతుంది. అలాంటివారికి కావాల్సింది తప్పక గెలిచే చిన్న మెట్టు. రోజు మొత్తం మానమనడం కన్నా ఉదయం మొదటి సిగరెట్‌ను ఒక గంట వెనక్కి జరపమనడం లాంటిది. ప్రముఖుల ప్రకటనల బలహీనత కూడా ఇక్కడే తెలుస్తుంది. చూసేవాడికి అతను తనలాంటివాడు కాదు. అతని దగ్గర శిక్షకుడున్నాడు, సమయముంది, డబ్బుంది. తన పక్కింటాయన ఆరు నెలల్లో చక్కెర అదుపులోకి తెచ్చుకున్నాడన్న వార్త ఇంకా లోతుగా దిగుతుంది.

దశల నమూనా: వాడుక ఎక్కువ, ఆధారం తక్కువ

జేమ్స్ ప్రొచాస్కా, కార్లో డిక్లెమెంటి పొగ మానిన, మానాలనుకున్న వ్యక్తులను పరిశీలించి 1983లో ఇచ్చిన దశల నమూనా వైద్య సిబ్బంది శిక్షణలో బాగా పాతుకుపోయింది. మార్పు గురించి ఆలోచనే లేని దశ, ఆలోచిస్తున్న దశ, సన్నాహం, ఆచరణ, కొనసాగింపు అన్నవి అందులోని మెట్లు. రాబోయే ఆరు నెలల్లో మానే ఉద్దేశం లేకపోతే మొదటి దశ, నెల లోపే మానాలనుకుంటే సన్నాహ దశ, ఇలా కాలాన్ని బట్టి విభజిస్తారు. ఏ దశలో ఉన్నవారితో ఆ దశకు తగ్గ మాట మాట్లాడాలన్నది దీని సారం. జారిపడటం కూడా ప్రయాణంలో భాగమేనని చెప్పడం దీనివల్ల జరిగిన పెద్ద మేలు.

విమర్శ కూడా అంతే గట్టిగా వచ్చింది. ఈ నమూనాను ఇక పక్కన పెట్టాల్సిన సమయం వచ్చిందని రాబర్ట్ వెస్ట్ 2005లో వాదించారు. ఆరు నెలలు, నెల అన్న గీతలు మనుషులు గీసుకున్నవే తప్ప మనసులో అలాంటి గోడలేవీ లేవని, ఏ సన్నాహం లేకుండా ఒక్కరోజులో మానేసినవారు ఎందరో ఉన్నారని ఆయన ఎత్తిచూపారు. అసలు ప్రమాదం ఆచరణలో ఉంది. ‘ఇతను ఇంకా సిద్ధంగా లేడు’ అని ముద్ర వేసి సాయం ఆపేస్తే, ఆ రోజు మందు గురించో కౌన్సెలింగ్ గురించో ఒక్క మాట చెబితే మానగలిగే మనిషి కూడా చేజారిపోతాడు. సంభాషణకు దారిగా ఈ నమూనా పనికొస్తుంది, మనుషులను గడుల్లో వేసే జల్లెడగా కాదు.

మనిషి నుంచి పరిసరాలకు

ఇప్పటిదాకా చెప్పుకున్న సిద్ధాంతాలన్నీ ప్రధానంగా వ్యక్తి బుర్రలో జరిగేదాన్నే చూస్తాయి. దీనివల్ల తెలియకుండానే ఒక అన్యాయం జరుగుతుంది: మారకపోతే తప్పంతా ఆ వ్యక్తిదే అవుతుంది. రెండు షిఫ్టులు పనిచేసే మనిషికి నడకకు సమయం లేకపోవడం, చవకగా దొరికే తిండే హానికరమైనది కావడం నమ్మకాల సమస్యలు కావు. కెనడాలోని ఒట్టావాలో జరిగిన ప్రపంచ ఆరోగ్య సంస్థ సదస్సు 1986 నవంబర్ 21న ఆమోదించిన ఒట్టావా ఛార్టర్ ఆరోగ్య ప్రోత్సాహాన్ని ప్రజలకు బోధించే పని నుంచి విస్తరించి, ప్రభుత్వ విధానాలను, పరిసరాలను, సమాజాల భాగస్వామ్యాన్ని అందులోకి తెచ్చింది. రెండేళ్ల తర్వాత కెనెత్ మెక్‌లెరాయ్, ఆయన సహచరులు ప్రవర్తనను ఐదు పొరల్లో చూడాలన్నారు: వ్యక్తి, వ్యక్తుల మధ్య సంబంధాలు, సంస్థలు, స్థానిక సమాజం, ప్రభుత్వ విధానం.

ఈ పొరలన్నీ కలిసి కదిలితే ఎలా ఉంటుందో ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాలో కనిపించింది. గుండెజబ్బు మరణాలు విపరీతంగా ఉన్న ఆ పాడి ప్రాంతంలో వెన్న, కొవ్వున్న పాలు, పొగాకు రోజువారీ జీవితంలో భాగం. స్థానికులే ప్రభుత్వానికి అర్జీ పెట్టుకోగా 1972లో ప్రాజెక్టు మొదలైంది. యువ వైద్యుడు పెక్కా పుస్కా దాన్ని నడిపారు. కరపత్రాలతో ఆగలేదు. గృహిణుల సంఘాలు కొత్త వంటలు నేర్పి అందరికీ రుచి చూపాయి. కొలెస్టరాల్ తగ్గించుకోవడంలో ఊళ్ల మధ్య పోటీలు పెట్టారు. సాసేజ్ తయారీదారులతో మాట్లాడి కొవ్వు తగ్గించేలా చేశారు. వెన్న అమ్మకాలు తగ్గితే నష్టపోయే పాడి రైతులు బెర్రీల సాగుకు మళ్లేందుకు తోడ్పడ్డారు. నలభై ఏళ్లలో అక్కడి పనిచేసే వయసు పురుషుల్లో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. అదే కాలంలో ఫిన్లాండ్ అంతటా మరణాలు తగ్గాయి కనుక, ఇందులో ప్రాజెక్టు వాటా ఎంత అన్నదానిపై పరిశోధకుల్లో వాదన ఉంది. పాడి రైతు జీవనోపాధిని కూడా ఆరోగ్య కార్యక్రమంలో లెక్కలోకి తీసుకోవడం మాత్రం అరుదైన దూరదృష్టి.

పొగాకు విషయంలోనూ ఇదే దారి కనిపిస్తుంది. 2004 మార్చిలో ఐర్లండ్ పబ్‌లతో సహా మూసి ఉన్న పనిస్థలాలన్నిటా పొగను నిషేధించింది. దేశమంతటికీ ఇలాంటి నిషేధం వర్తింపజేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందం 2005లో అమల్లోకి వచ్చింది. పన్ను, ప్రకటనల నిషేధం, పొగలేని ప్రదేశాలు అన్నవి ఒక్కొక్కరినీ విడిగా ఒప్పించాల్సిన భారాన్ని చాలావరకు తగ్గిస్తాయి.

కామ్-బి: ఏది అడ్డమో ముందు తేల్చడం

సిద్ధాంతాలు ఎన్ని అయ్యాయంటే, 2014లో వచ్చిన ఒక సంకలనం 83 లెక్కతేల్చింది. క్షేత్రంలో పనిచేసే ఆరోగ్య కార్యకర్త వీటిలో దేన్ని ఎంచుకోవాలి? సూసన్ మిచీ, మార్టీ వాన్ స్ట్రాలెన్, రాబర్ట్ వెస్ట్ 2011లో ప్రవర్తన మార్పు చర్యలకు సంబంధించిన 19 చట్రాలను సమీక్షించి ఇచ్చిన కామ్-బి నమూనా ఈ చిక్కుకు జవాబుగా వచ్చింది. ఏ పని (బిహేవియర్) జరగాలన్నా సామర్థ్యం (కేపబిలిటీ), అవకాశం (ఆపర్చునిటీ), ప్రేరణ (మోటివేషన్) మూడూ ఉండాలి; ఈ ఇంగ్లిష్ మాటల మొదటి అక్షరాలే దాని పేరు. అందులో ఏది లోపించిందో ముందు కనిపెట్టి, దానికి తగ్గ చర్య ఎంచుకోవాలి.

సులభంగా కనిపించే ఈ వరుసను ఎక్కువ కార్యక్రమాలు తలకిందులుగా నడుపుతాయి. ముందే పోస్టరో యాపో సిద్ధమవుతుంది, సిద్ధాంతం పేరు తర్వాత నివేదికలో చేరుతుంది. సిద్ధాంతం ఆధారంగా రూపొందినవని చెప్పుకునే కార్యక్రమాలు మిగతావాటికంటే ప్రతిసారీ మెరుగ్గా ఉండకపోవడానికి ఇది ఒక కారణమై ఉండొచ్చు. పేరు వాడటం వేరు, అది చెప్పిన ఏ అంశాన్ని ఏ చర్య మారుస్తుందో ముడివేయడం వేరు.

మార్పు నిలబడటం మరో అధ్యాయం. మొదలుపెట్టించే శక్తి, కొనసాగించే శక్తి ఒకటి కావు. మొదట ఫలితం మీద ఆశ నడిపిస్తుంది. తర్వాత ఆ ఆశ చల్లారుతుంది, అప్పుడు అలవాటే కాపాడాలి. 21 రోజుల్లో అలవాటు కుదురుతుందన్న ప్రచారానికి గట్టి ఆధారం లేదు. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లో 96 మందిపై చేసి 2010లో ప్రచురించిన అధ్యయనంలో మధ్యస్థ కాలం 66 రోజులు వచ్చింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడటం దెబ్బతినలేదు. మూడు వారాల గడువు పెట్టి, అందుకోలేనివారికి తమలోనే లోపముందని అనిపించేలా చేయడం మేలు కంటే కీడే చేస్తుంది.

రక్తపోటు మాత్రల దగ్గర

ఇదంతా ఒక్క సమస్యకు వర్తింపజేస్తే స్పష్టపడుతుంది. రక్తపోటు మాత్రలు మధ్యలో ఆపేసిన నలుగురిని తీసుకుందాం. మొదటి వ్యక్తికి ఒంట్లో ఏ బాధా లేదు, జబ్బు తగ్గిపోయిందనుకున్నాడు. ఇది నమ్మకానికి సంబంధించింది. లక్షణాలు లేకుండానే రక్తనాళాలు దెబ్బతింటాయని, అతని కొలతలు అతనికే చూపి చెప్పాలి. రెండో వ్యక్తి వేసుకోవాలనే అనుకుంటాడు, మరచిపోతాడు. పళ్లు తోముకోవడంతోనో, ఉదయపు టీతోనో ఆ మాత్రను ముడివేయిస్తే సరిపోవచ్చు. మూడో వ్యక్తికి మాత్ర వేసుకున్నాక తల తిరిగింది. ఆ మాట వైద్యుడికి చెప్పడానికి మొహమాటపడి ఊరుకున్నాడు. అతనికి ఉపదేశం వద్దు, మందు మార్చే అవకాశం గురించి నిదానంగా అడిగి వినేవాళ్లు కావాలి. నాలుగో వ్యక్తి మాత్రలకోసం ప్రతి నెలా ఒక రోజు కూలి పోగొట్టుకోవాలి. అతనికి తెలియంది ఏమీ లేదు.

నలుగురికీ ‘మాత్రలు మానకండి’ అన్న ఒకే కరపత్రం అందుతుంది. అది ఎంతోకొంత పనిచేసేది మొదటి వ్యక్తి దగ్గరే. మిగతా ముగ్గురినీ పట్టుకోవడానికి ‘ఎందుకు మానేశారు’ అన్న నిలదీత బదులు ‘కిందటిసారి మాత్ర తప్పిన రోజు ఏం జరిగింది’ అని అడిగితే చాలు, ఎవరిది ఏ అడ్డంకో బయటపడుతుంది. నాలుగో వ్యక్తి విషయంలో మారాల్సిన ప్రవర్తన అతనిది కానే కాదు. రెండు మూడు నెలల మాత్రలు ఒకేసారి ఇవ్వడం, పని వేళల తర్వాత కూడా మందుల కౌంటర్ తెరిచి ఉంచడం ఆసుపత్రి నిర్ణయించాల్సిన సంగతులు.